చెంబెడు వేన్నీళ్లు

మా ఆయన ఈశ్వరప్రసాద్ ఫిజిక్సు లెక్చరరు. అంటే, ఒకప్పుడు. తణుకులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఉష్ణం, కాంతి, ధ్వని చెప్పేవాడు. వీధిలో నడుస్తుంటే కుర్రాళ్లు సైకిళ్లు దిగి నమస్కారం పెట్టేవాళ్లు. ఆ నమస్కారాలన్నీ వదులుకుని నా వెనకాల ఆస్ట్రేలియా వచ్చాడని మా అత్తగారు ఫోను చేసినప్పుడల్లా గుర్తుచేసేది. నా వెనకాల అన్నమాట మాత్రం నిజం. చదువు నాది, వీసా నాది. నేను టూవూంబాలో నర్సింగ్ చదవడానికి వచ్చాను, ఆయన నా భర్తగా వచ్చాడు. కాగితం మీద ఆయన హోదా అంతే, ఫలానా కుసుమ గారి మొగుడు. మనవాళ్లలో మగాడికి అంతకన్నా పెద్ద జబ్బు ఇంకోటి లేదు. మందు కూడా లేదు.

వచ్చిన కొత్తలో ఒక సూపర్ మార్కెట్లో సామాన్లు సర్దే పనికి వెళ్లాడు. అక్కడి సూపర్‌వైజరుకి మీసం కూడా సరిగా రాలేదట. ఈశ్వరప్రసాద్ అనడానికి నోరు తిరగక 'ఈష్' అన్నాడట. 'ఈష్ మేట్, ఆ పాలడబ్బాలు కాస్త ముందుకు లాగు' అన్నాడట. వారం తిరక్కుండా మానేసి వచ్చాడు. ఆ తర్వాత మరే పనికీ పోలేదు. నేను చదువుకుంటూ, సాయంత్రాలు వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి ఒళ్లు తుడుస్తూ ఇల్లు నెట్టుకొచ్చాను. దానికి నేనేం బాధపడలేదు. తన ఖాళీ అంతా తెచ్చి నా నెత్తిన పోశాడు చూడండి, బాధ దానికి.

ఆ చలికాలం నాకు ఆఖరి ప్లేస్‌మెంట్ పడింది. ప్లేస్‌మెంట్ అంటే చదువులో భాగంగా ఆస్పత్రిలో చెయ్యాల్సిన పని. అది సవ్యంగా పూర్తయితే నర్సునవుతాను. లేదంటే సెమిస్టరు మళ్లీ మొదటికి, వీసా గోల మళ్లీ మొదటికి. నాకు వేసింది గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి ఆస్పత్రికి. ఏడింటికల్లా వార్డులో ఉండాలి. ఆ దారిన బస్సు లేదు. కారు కదలకపోతే నా బతుకు కదలదు.

కారు పాత కరోలా. రిమోట్ ఎప్పుడో చచ్చింది, తాళంచెవి పెట్టి తిప్పుకోవాల్సిందే. ఇంటి యజమాని గరాజ్ నిండా తన పాత మంచాలు వేసి తాళం పెట్టుకున్నాడు కాబట్టి బండి బయటే ఉండేది. మా ఇల్లు వాగు పక్క పల్లంలో. ఊరందరిదీ ఒక చలి, ఆ పల్లంలోది ఇంకో చలి. ఊళ్లో వాళ్లకి అద్దాల మీద మంచు పేరితే మాకు తలుపులకే పట్టేది. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది కదా, దాన్లోకి తడి చేరిందంటే తెల్లారేసరికి గడ్డకట్టి, తలుపూ కారూ అతుక్కుపోతాయి. గట్టిగా లాగితే పిడి చేతికి ఊడి వస్తుందిగాని తలుపు రాదు.

మొదటిసారి అలా అయినరోజు సాయంత్రం నేనొక ఘనకార్యం చేశాను. రబ్బరు అతుక్కోకుండా ఉండాలంటే జిడ్డు రాయాలి అనుకున్నాను. మా పుట్టింట్లో తలుపు కిర్రుమన్నా కొబ్బరినూనే, జుట్టు చిక్కుపడ్డా కొబ్బరినూనే. నాలుగు తలుపుల రబ్బర్లకీ పట్టించాను. తాళం కన్నంలో కూడా కాస్త పోశాను, మహాతల్లిని. తెల్లారి చూస్తే రబ్బరంతా పేరిన నెయ్యిలా తెల్లగా ఉంది. తాళంచెవి సగం దూరి ఆగిపోయింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏమే, కొబ్బరినూనె ఎన్ని డిగ్రీల దగ్గర పేరుకుంటుందో తెలీదూ? ఇంటర్ ఎలా పాసయ్యావే నువ్వు? కాపీ కొట్టావా?"

నవ్వడం అయ్యాక లోపలికి వెళ్లి స్టీలు చెంబుతో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి, తాళం మీదా తలుపు అంచుల మీదా పోశాడు. తలుపు తెరుచుకుంది. ఆ పూట నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నండీ" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. నా కొంప ముంచిన మాట అదే.

మర్నాటి నుంచి అదొక తంతు అయింది. ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని, మఫ్లరు చుట్టుకుని, భుజాన తువ్వాలు, చేతిలో చెంబు, అభిషేకానికి వెళ్తున్న పూజారిలా నడిచి వచ్చేవాడు. నేను యూనిఫామ్ మీద కోటు వేసుకుని, చంకల్లో చేతులు పెట్టుకుని కారు పక్కన నిలబడేదాన్ని. ఊరికే నీళ్లు పోస్తే ఆయన లెక్చరరు ఎందుకవుతాడు? ముందు పాఠం.

"మరిగే నీళ్లు పొయ్యకూడదు. ఎందుకు?"

"అద్దం పగులుతుందండీ. టైమవుతోంది, పొయ్యండి."

"ఎందుకు పగులుతుంది అని అడిగాను. రీజన్ చెప్పు."

"ఒక్కసారిగా వేడి తగిలితే ఒకపక్క వ్యాకోచిస్తుంది, ఇంకోపక్క వ్యాకోచించదు. పొయ్యండి బాబూ."

"అసమ వ్యాకోచం. ఆ మాట అను."

"అసమ వ్యాకోచం."

అప్పుడు పోసేవాడు. ఒక్కో తలుపుకీ ఒక్కో ప్రశ్న. నాకు కావాల్సింది డ్రైవరు తలుపు ఒక్కటే అని చెప్పినా వినేవాడు కాదు. ఒక పొద్దున్న జవాబు తప్పు చెప్పానని చెంబు వెనక్కి తీసుకుని, "ఆలోచించి చెప్పు, తొందరేం లేదు" అన్నాడు. తొందరెందుకు లేదు? నా వేళ్లు నీలం రంగుకు తిరుగుతున్నాయి. ఆయన నోట్లోంచి ఆవిరి వస్తోంది, ముఖంలో మాత్రం తణుకు కాలేజీలో ఉన్నప్పటి వెలుగు ఉంది.

మా అత్తగారి ఫోను సరేసరి. "మావాడు తెల్లారగట్ల లేచి, అంత చలిలో నీకు కారు తలుపు తీస్తున్నాడటగా. ఏ జన్మలో ఏ పూలతో పూజ చేశావో తల్లీ" అనేది.

ఊళ్లో రాజారావు అంకుల్ అని పాతకాలం డాక్టరు ఒకాయన ఉన్నాడు. తెలుగువాళ్లు ఎవరొచ్చినా నెలకోసారి ఆదివారం ఆర్వో, అంటే ఇక్కడివాళ్ల భాషలో మధ్యాహ్నం పూట, ఆయనింట్లో బార్బీకి, అదే బార్బెక్యూకి, హాజరు కావాల్సిందే. అక్కడ మగవాళ్లంతా పొయ్యి చుట్టూ చేరి చికెన్ తిప్పుతుంటే మా ఆయన అందుకున్నాడు.

"నేను చెంబు పట్టుకుని వెళ్తేగాని మేడమ్ గారి డ్యూటీ స్టార్ట్ అవ్వదు సార్. తాళం కన్నంలో కొబ్బరినూనె పోసింది సార్! ఈవిడ రేపు పేషెంట్లకి ఇంజెక్షన్లు చేస్తుందట!"

రాజారావు అంకుల్ నా వైపు తిరిగి, "అమ్మా కుసుమా, నాకు మాత్రం ఎప్పుడూ నర్సుగా రాకే. హార్ట్ ఎటాక్ అని వస్తే తలంటి పంపిస్తావు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే సరదా తెలియని మనిషినని ఇంకో కథ మొదలవుతుంది.

నవ్వనిది హెలెనా ఆంటీ ఒక్కతే. ఆవిడది నర్సాపురం దగ్గర ఊరు. పాతికేళ్ల పైనే అయింది ఈ దేశం వచ్చి. బార్బీలో ఆంటీ అనొచ్చుగాని ఆస్పత్రిలో అనకూడదు, ఎందుకంటే మా ప్లేస్‌మెంట్ విద్యార్థులందరి మీదా అక్కడ అధికారి ఆవిడే. పాస్ అని రాయాలన్నా ఫెయిల్ అని రాయాలన్నా ఆవిడ పెన్నుతోనే. చేతిలో ప్లేటు పట్టుకుని మా ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఏమీ అనలేదు.

అనాల్సింది వార్డులో అంది. మా ఆయన పాఠం పుణ్యమా అని నేను మొదటిసారి ఆలస్యంగా వెళ్లినరోజు గడియారం చూపించి ఊరుకుంది. రెండోసారి అందరి ముందూ నిలబెట్టింది.

"ఆ కిటికీ పక్క ముసలాయనకి తనంతట తను లేవడం రాదు. యూరిన్ బాటిల్ ఇచ్చేది ఆ షిఫ్ట్‌లో నువ్వు. నువ్వు రాలేదు, ఆయన పక్క తడిపేసుకున్నాడు. సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు చూడు. మీ ఆయన చెంబు కోసం ఆయన ఆగాలా?"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆవిడకి అవి కనిపించాయి, కనిపించినా ఆగలేదు.

"ఇంకొక్కసారి లేటయితే ఫెయిల్ రాసేస్తాను కుసుమా. తెలుగుపిల్లని, ఆంటీ చూసీచూడనట్టు పోతుందిలే అని ఆశ పెట్టుకోకు. తెలుగుదానివి కాబట్టే అస్సలు వదల్ను. రేపు నిన్ను వదిలేశానని తెలిస్తే వీళ్లు నన్నంటారు."

వెళ్లి ముసలాయన పక్క మార్చు అంది. మార్చాను. మధ్యాహ్నం టీ గదిలో నేను ఒంటరిగా కూర్చుంటే తనే వచ్చింది. ఓదార్చడానికేమో అనుకున్నాను. కాదు.

"రోజూ నీళ్లేనా పోసేది?"

"అవునండీ. గోరువెచ్చటివే."

"బుర్ర ఉందా ఇద్దరికీ? పోసిన నీళ్లు ఎక్కడికి పోతాయే? ఆ రబ్బరులోకే కదా. రాత్రికి మళ్లీ గడ్డ. మీ ఆయన ఇవాళ తలుపు తీసి, రేపటికి తనే మూసి వస్తున్నాడు. సాయంత్రం పొడిగుడ్డతో రబ్బరంతా తుడుచుకో. సిలికాన్ స్ప్రే అని దొరుకుతుంది, గుడ్డకి కొట్టి పట్టీలకి రాయి. తడి నిలవదు. తడి లేకపోతే అతుక్కోదు. అంతే. ఇందులో ఫిజిక్సు ఏముంది?"

ఆ సాయంత్రమే స్ప్రే కొన్నాను. మా ఆయన పాత లుంగీ ఒకటి చింపి, నాలుగు తలుపులూ తెరిచిపెట్టి, పట్టీల మడతల్లో వేలు పెట్టి మరీ తుడిచాను. స్ప్రే రాశాను. తాళం కన్నంలో కూడా ఒక చుక్క కొట్టాను. మా ఆయన మెట్ల మీద కూర్చుని చూశాడు. "ఇవన్నీ షాపులవాళ్ల వేషాలే" అన్నాడు.

తెల్లారి పచ్చిక తెల్లగా గడ్డకట్టి ఉంది, అడుగు వేస్తే కరకరలాడింది. తాళంచెవి తిప్పి, పిడి పట్టుకుని లాగాను. తలుపు తెరుచుకుంది. ఎండాకాలంలో తెరుచుకున్నట్టే తెరుచుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పుడే ఆయన మంకీ క్యాపుతో, చెంబుతో బయటికి వచ్చాడు.

"తెరుచుకుందండీ!"

"తెరుచుకుందా?"

"ఆఁ. చూడండి!"

ఆయన తలుపు వంక చూశాడు, చెంబు వంక చూశాడు. చెంబులో నీళ్లు పచ్చిక మీద ఒంపేసి లోపలికి వెళ్లిపోయాడు. జాగ్రత్తగా వెళ్లు అని కూడా అనలేదు.

ఆ వారమంతా కారు తలుపులు చక్కగా తెరుచుకున్నాయి, మా ఆయన నోరు మూసుకుపోయింది. అన్నం సగంలో వదిలేసేవాడు. వాళ్లమ్మతో ఫోనులో "ఇక్కడ నాతో ఎవరికేం పనుందమ్మా" అనడం వినిపించింది. నాకు జాలి వేసింది. అబద్ధం చెప్పను, ఆ వారం ఆయన మీద చాలా జాలిపడ్డాను. చెంబు పట్టుకుని ఎంత విసిగించినా మొగుడు కదా.

"పోనీ సాయంత్రం కారు తుడిచే పని మీరు చూసుకోండి. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నడుం విరిగిపోతోంది. తలుపు గడ్డకట్టకుండా చూసింది మీరేనని చెప్పుకోవచ్చు" అన్నాను.

ఆయన నన్ను తెలివితక్కువ స్టూడెంటును చూసినట్టు చూశాడు. "గడ్డకట్టకుండా చూస్తే ఎవడికి కనిపిస్తుందే? గడ్డకట్టని తలుపు చూసి ఎవడైనా దణ్ణం పెడతాడా?"

ఆ మాట విని నవ్వేసి ఊరుకున్నాను. ఎంత నిజం చెప్పాడో అప్పుడు అర్థం కాలేదు.

తర్వాత ఒక ఉదయం తలుపులు మళ్లీ బిగుసుకున్నాయి. నేను తుడవడంలో ఎక్కడో తడి మిగిలిందనుకున్నాను. అదృష్టంకొద్దీ ఆరోజు పెందలాడే బయల్దేరాను. ఆయన చెంబుతో వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. పాఠం కూడా చెప్పాడు, కాస్త పొట్టి పాఠం. "స్ప్రేలట, స్ప్రేలు! ఆఖరికి ఈ చెంబే దిక్కయింది కదా?" అన్నాడు. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాడు. నేను మాత్రం మర్నాటి నుంచి పట్టీలు రెండేసిసార్లు తుడవడం మొదలుపెట్టాను. తుడిచి, స్ప్రే రాసి, తెల్లారగట్ల లేవాలి కాబట్టి ఎనిమిదింటికే పడుకునేదాన్ని. ఆయనకి పొద్దున్న పని లేదు, తీరిగ్గా పడుకునేవాడు.

ప్లేస్‌మెంట్ ఆఖరి వారం వచ్చింది. ఆఖరి రోజు హెలెనా నా పని దగ్గరుండి చూసి, ఫలితం రాస్తానంది. ఆ పొద్దున్న నేను లేచేసరికి ఇంకా సరిగా వెలుతురు రాలేదు. స్నానం చేసి, యూనిఫామ్ వేసుకుని, సంచి తగిలించుకుని బయటికొచ్చాను. తాళంచెవి పెడితే దూరలేదు. అవతలి పక్కకి వెళ్లి పెట్టాను, అదీ అంతే. వెనక తలుపులు లాగాను, డిక్కీ లాగాను. కారంతా ఒకటే బండరాయి.

ఫోను లైటు వేసి తలుపు సందులోకి చూశాను. మంచు ఉండాల్సినట్టు లేదు. రబ్బరు మీద తెల్లగా, బుడగలు బుడగలుగా నురగ గడ్డకట్టి ఉంది. గోటితో గీరి వాసన చూశాను. నిమ్మకాయ వాసన. మా వంటింట్లో గిన్నెలు తోముకునే సబ్బు నీళ్ల వాసన. నెలరోజులుగా ఆ ఊళ్లో చినుకు పడలేదు. నేను రాసిన సిలికాన్‌ని ఎవరో శ్రద్ధగా సబ్బుతో కడిగి, నీళ్లు కుమ్మరించి, తలుపులు వేసి వెళ్లారు. ఆ ఎవరో ఎవరు? మా ఇంట్లో ఉన్నది ఇద్దరం.

వంటింటి కిటికీలో లైటు వెలిగింది. మంకీ క్యాపు కనబడింది. ఆయన నిద్రపోవడం లేదు. నేనెప్పుడు పిలుస్తానా అని కిటికీ దగ్గర కాచుకుని ఉన్నాడు.

"ఏంటే, మళ్లీ పట్టేసిందా? ఉండు ఉండు, నేనొచ్చేస్తున్నా! నీళ్లు కాగనీ!" అన్నాడు, పండగపూట చుట్టాలు దిగినంత సంబరంగా.

నేను లోపలికి వెళ్లాను. ఆయన పొయ్యి ముందు చెంబు పట్టుకుని, నీళ్లలో వేలు పెట్టి వేడి చూస్తున్నాడు. నేను పక్కనుంచి వెళ్లి, అల్లం దంచుకునే రోట్లో బండ తీసుకున్నాను.

"అదెందుకే?"

 బయటికి వచ్చి డ్రైవరు పక్క అద్దాన్ని బలంకొద్దీ కొట్టాను. మొదటి దెబ్బకి బండ ఎగిరి వెనక్కి వచ్చింది. రెండో దెబ్బకి అద్దమంతా పటికబెల్లం ముక్కల్లా సీట్లోకి రాలింది. ఆయన చెంబుతో పరిగెత్తుకొచ్చాడు, దారంతా నీళ్లు ఒలికిపోతున్నాయి.

"పిచ్చెక్కిందా నీకు! ఒక్క నిమిషం ఆగితే నేనే తీసేవాణ్ణి కదే!"

"ఆగను" అన్నాను.

కోటు విప్పి అద్దం అంచు మీద వేసి కిటికీలోంచి దూరాను. సీటు మీది గాజుముక్కలు చేత్తో తోసేస్తుంటే అరచెయ్యి తెగింది. నా యూనివర్సిటీ కార్డుతో ముందు అద్దం మీది మంచు కనబడినంత మేర గీకి బండి తీశాను. వెనక వచ్చేవాళ్లని చూసే అద్దంలో ఆయన చెంబు పట్టుకుని అక్కడే నిలబడి కనిపించాడు. తర్వాత మలుపు వచ్చింది.

ఆ గంట ప్రయాణం నేను చచ్చేదాకా మర్చిపోను. పగిలిన కిటికీలోంచి గాలి కుడి చెవిలోకి దూరి పన్నుదాకా పోటు పెట్టింది. కుడి చెంప ఉందో లేదో తెలియలేదు. పొలాలన్నీ సున్నం చల్లినట్టు ఉన్నాయి, ఆవులు ఆవిరి వదులుతూ గుంపుగా నిలబడి ఉన్నాయి. స్టీరింగ్ మీద వేళ్లు పట్టు తప్పుతుంటే ఒక్కో చెయ్యీ తీసి తొడల కింద పెట్టుకుని నడిపాను. స్పీడు తగ్గిస్తే చలి తగ్గుతుంది, తగ్గిస్తే టైముకి చేరను. తగ్గించలేదు. దారి పొడుగునా మా ఆయన్ని తిట్టాను. నాకు తెలిసిన బూతులు అయిపోతే మా మేనత్త వాడే బూతులు గుర్తుతెచ్చుకుని తిట్టాను.

వార్డులో అడుగు పెట్టేసరికి రాత్రి షిఫ్టువాళ్లు ఇంకా అప్పగింతలు మొదలుపెట్టలేదు. హెలెనా ముందు గడియారం చూసింది, తర్వాత నన్ను చూసింది. జుట్టు గడ్డిమేటులా ఉంది, చేతిమీద రక్తం ఎండిపోయి ఉంది.

"ఏంటిది?"

"తలుపు తెరుచుకోలేదండీ. అద్దం పగలగొట్టి వచ్చాను."

నన్ను పక్కగదిలోకి లాక్కెళ్లి, పట్టకారుతో అరచేతిలోంచి గాజుముక్కలు తీసింది. మెల్లిగా తియ్యలేదు. నేను స్స్ అంటే, "నోరు మూసుకో, పేషెంట్లు నిద్రపోతున్నారు" అంది. కట్టు కట్టి, పైన గ్లవ్స్ తొడిగి, "వెళ్లు, కిటికీ పక్కాయన బీపీ చూడు. నీ పని ఇప్పట్నుంచి చూస్తాను" అంది. చూసింది. సాయంత్రం పాస్ అని రాసింది. శభాష్ అని ఒక్క ముక్క అనలేదు. అనకపోయినా నాకు లోటనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన ప్లాస్టిక్ షీటు, టేపు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నేను దిగీ దిగకముందే కిటికీకి కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు.

"నిమ్మకాయ సబ్బు వాసన వచ్చిందండీ, రబ్బరు దగ్గర" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించి ఉంటే బాగుండేది.

"నువ్వు ఫెయిలవ్వాలని కాదే. దేవుడి తోడు. అలా ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు ఒక్క కేక వేస్తే చాలు, వచ్చి తీసేవాణ్ణి. ఇవాళ పాఠం కూడా చెప్పేవాణ్ణి కాదు. నీకు లేటవుతుందని నాకు తెలీదూ? ముందే లేచి నీళ్లు పెట్టుకున్నాను."

ఆయన నిజమే చెప్పాడు, అది ముఖంలోనే తెలుస్తోంది. నేను మునిగిపోవాలని కోరుకుని ఉంటే ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. అది పగ, పగకి ఒక కారణం ఉంటుంది. ఈయనకి పగ లేదు. నేను మునగకూడదు, ఒడ్డుకీ చేరకూడదు. రోజూ తెల్లారి పీకల్లోతు నీళ్లలో నిలబడి ఆయన చెయ్యి కోసం చూడాలి. అందుకోసం నా చదువు, నా వేళ్లు, మంచం మీద పక్క తడుపుకున్న ఆ ముసలాయన పరువు, అన్నీ ఆయనకి చవగ్గానే కనిపించాయి. నాకు అసహ్యం వేసింది. కోపం కూడా కాదు, అసహ్యం.

ఆ తర్వాత ఆ విషయం నేను ఎత్తలేదు, సద్దుమణిగిందని ఆయన అనుకున్నాడు. కొత్త అద్దం వేయించాం. సాయంత్రాలు కారు తనే తుడిచాడు, స్ప్రే కూడా తనే రాశాడు. "చూశావా, ఎంత నీటుగా చేశానో" అని పిలిచి చూపించేవాడు. నేను చూసేదాన్ని. లోపల ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకుంటూ కూర్చునేదాన్ని.

చలికాలం పోయి, రోడ్ల పక్కన జకరాండా పూలు రాలే వేళకి నాకు నర్సుగా రిజిస్ట్రేషన్ వచ్చింది, దాని వెనకే ఉద్యోగం వచ్చింది. మౌంట్ ఐసాలో. రాష్ట్రంలో ఆ చివరన, ఎర్రమట్టి మధ్య గనుల ఊరు. అక్కడికి వెళ్లడానికి ఎవరూ ముందుకు రారు కాబట్టి నాలాంటి కొత్తవాళ్లకి కూడా ఇచ్చారు. వీసా కూడా ఆస్పత్రివాళ్లే చూసుకుంటామన్నారు. వెంట ఎవరినైనా తెచ్చుకుంటారా అని అడిగారు. నేను ఆలోచించడానికి ఒక పూట కూడా తీసుకోలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఆయన సంబరపడిపోయాడు. "అమ్మకి ఫోను చేస్తానుండు. క్వార్టర్స్ ఇస్తారా? గరాజ్ ఉంటుందా? ఎండలు మండిపోతాయంటారు, పోనీలే, తణుకు ఎండలు చూసినవాళ్లం మనకి ఒక లెక్కా?" అని గబగబా అన్నీ తనే అడిగి, తనే చెప్పుకుని, మజ్జిగ వేసుకుంటూ నవ్వాడు. "ఇంతకీ నేనక్కడ ఏం చెయ్యాలే?"

"అక్కడ మంచు పడదండీ" అన్నాను.

"మంచిదేగా" అన్నాడు. అని, కలుపుతున్న చెయ్యి ఆపాడు. "అంటే?"

"అంటే మీతో పని లేదు. వీసా కాగితాల్లో నా పేరొక్కటే రాసిచ్చాను. మీ అమ్మగారికి ఫోను చేసి, వచ్చేస్తున్నానని చెప్పండి."

ఆయన ముఖంలో రక్తం దిగిపోయింది.  జాలి వేస్తుందేమోనని నేను కాసేపు ఆయన వైపే చూశాను. వెయ్యలేదు. ఒళ్లంతా హాయిగా ఉంది, ఆ చలికాలం మొదలైన దగ్గర్నుంచీ నాకంత వెచ్చగా ఎప్పుడూ లేదు. మజ్జిగన్నం ఆఖరి మెతుకుదాకా తిని, కంచం కడుక్కుని, సూట్‌కేసు సర్దుకోవడానికి లేచాను.